రెండో టోకెను

ఏప్రిల్ 3, 2023, సోమవారం

మోకాలి డాక్టరు మాటే నెగ్గింది. వారానికి ఐదు రోజుల పరుగు ఇకనుంచి మూడు రోజులే. గురు, శనివారాలు ఈత. అంతటితో ఊరుకుంటే నేను మల్లికను ఎట్లా అవుతాను? మే 28న ఈత-పరుగు పోటీ ఉందని మా పరుగు గ్రూపులో పెట్టగానే పేరు ఇచ్చేశాను. ఐదు వందల మీటర్ల ఈత, ఒళ్లు తుడుచుకోకుండానే ఐదు కిలోమీటర్ల పరుగు. ముప్పై ఐదేళ్ల వయసులో బుద్ధి ఉన్నవాళ్లు చేసే పని కాదు.

నల్లగొండ బైపాస్ పక్కన కొత్తగా కట్టిన స్విమ్మింగ్ పూల్‌కి పొద్దున్నే వెళ్లి వచ్చాను. గేటు దగ్గర అండాలు అనే ఆమె చెప్పులు తీసుకుని మనిషికొక ఇత్తడి టోకెను ఇస్తుంది. నాకు రెండు ఇచ్చింది. ఒకటి వెనక్కి ఇచ్చేశాను.

నేర్పే అతని పేరు పరమేష్. నాకంటే పదేళ్లు చిన్న, నోరు మాత్రం పెద్దది. "అక్కా, నువ్వు ఈదుతలేవు, నీళ్లల్ల ఉరుకుతున్నవ్" అన్నాడు. పరిగెత్తేవాళ్ల చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయట. తల ఎత్తి ముందుకు చూస్తే కాళ్లు మునుగుతాయట. కిందికి చూడమన్నాడు. నీళ్లలో కిందికి చూడటం నాకు ఇష్టం లేదు.

"ఈత ఏడ నేర్చినవ్?"

"బాయిల."

"ఎన్నేండ్లాయె దిగక?"

"ఇరవై రెండు" అన్నాను. 

పద్ధతులు చెప్పాడు. తలకు టోపీ తప్పనిసరి. ఒకే వరుసలో ఇద్దరు ఈదుతుంటే, వెనకవాళ్లకు ముందుకు పోవాలని ఉంటే ముందువాళ్ల అరికాలు తడతారు. తట్టించుకున్నవాళ్లు గోడ దగ్గర ఆగి, పక్కకు జరిగి, దారి ఇవ్వాలి.

ఏప్రిల్ 6, గురువారం

పన్నెండు ల్యాపులు. ఊపిరి ఆడలేదు. పరుగులో పది కిలోమీటర్లు నవ్వుతూ కొట్టేదాన్ని, ఇక్కడ పాతిక మీటర్లకు నాలుక బయటికి వచ్చింది.

పరమేష్ ఒడ్డున నిలబడి అరిచాడు. "ఎందుకక్కా గట్ల తంతవు? ఎన్కనుంచి ఎవలో గుంజుతున్నట్టు! కాళ్లు జర నెమ్మదిగ కొట్టు."

అండాలు మళ్లీ రెండు టోకెన్లు ఇచ్చింది. ఆమెకు కంట్లో పొర ఉన్నట్టుంది.

ఏప్రిల్ 8, శనివారం

పద్నాలుగు ల్యాపులు. తొమ్మిదో ల్యాపులో, లోతు వైపు, ఎవరో అరికాలు తట్టారు. గోడ దగ్గర ఆగి చూస్తే వరుసలో నేను ఒక్కదాన్నే.

నీళ్లు తగిలి ఉంటాయి.

ఏప్రిల్ 11, మంగళవారం

ఇవాళ ల్యాబులో ముప్పై ఎనిమిది మందికి రక్తం తీశాను. ముప్పై ఒకటో చెయ్యి బిక్షమ్మది. చీటీ మీద పేరు చూసి గుర్తుపట్టలేదు. మోచేతి మీద కాలిన మచ్చ చూసి గుర్తుపట్టాను. చిన్నప్పుడు ఆ చేత్తోనే నాకూ హరితకూ జొన్నరొట్టె చెరిసగం చేసి పెట్టేది.

రబ్బరు కట్టాను. నరం చూసి సూది పెట్టాను. కొస లాగితే రబ్బరు ఊడి వచ్చింది. ఆ ముడిలో నన్ను మించినవాళ్లు మా ల్యాబులో లేరు. కొత్తగా చేరిన పిల్లలకు నేనే నేర్పుతాను.

"నువ్వు సుగుణమ్మ బిడ్డవు, మల్లికవు గాదె?" అంది.

"అవు పెద్దమ్మా."

"మీ అమ్మను ఒక్కమాట అడుగరాదు బిడ్డా? నా కొడుకు మొకం జూడక ఇరవై రెండేండ్లాయె. మీ అమ్మ ఒట్టుకు బయపడి ఈ దిక్కే వస్తలేడు. మీ అమ్మ ఊ అంటె సాలు, మా శ్రీశైలం పొద్దుగూకకముందె వస్తడు. సచ్చేలోపు ఒక్కపారి జూస్తనే."

అడుగుతానన్నాను. సాయంత్రం రిపోర్టు నేనే కొట్టాను. కిడ్నీలు రెండూ పోయాయి. రక్తం ఆరు గ్రాములు. నెల, మహా అయితే నెలన్నర.

ఎప్పుడూ రాయలేదు, ఇవాళ ఒకసారి రాసి పారేస్తాను. 2001 ఎండాకాలం, మే 9. బిక్షమ్మ వాళ్ల వ్యవసాయ బావి. పద్మశాలీల పిల్లలందరికీ ఈత నేర్పింది వాళ్ల శ్రీశైలమే, అప్పుడు అతనికి పదిహేడు. ఈత రానివాళ్ల వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి దింపేవాళ్లు. నాకు పదమూడు, ఈత వచ్చు. చెల్లె హరితకు పది, రాదు. దాని వీపుకు డబ్బా శ్రీశైలం కట్టాడు. నీళ్లలో ముడి ఊడింది. హరిత మునిగింది. అమ్మ ఊరి నడుమ నిలబడి, "వాడు మల్ల ఈ ఊర్లె కనవడితె నేను గదే బాయిల వడి సస్త" అని ఒట్టు పెట్టుకుంది. ఆ రాత్రే అతన్ని మక్తల్ వైపు చుట్టాల ఇంటికి పంపేశారు. మళ్లీ రాలేదు.

శ్రీశైలమే కట్టాడు. ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు.

ఏప్రిల్ 13, గురువారం

పద్దెనిమిది ల్యాపులు. రెండుసార్లు తట్టింది.

తట్టింది అని రాశాను. తగిలింది.

ఏప్రిల్ 15, శనివారం

నా తన్నుడు తగ్గడం లేదని పరమేష్ కొత్త ఉపాయం చెప్పాడు. పాత సైకిల్ ట్యూబు పట్టీతో రెండు చీలమండలూ కలిపి కట్టేసుకోవాలట. కాళ్లు కట్టేస్తే తన్నడానికి ఉండదు, ఒళ్లు తనంతట తాను తేలడం నేర్చుకుంటుందట.

నవ్వొచ్చింది. సైకిల్ ట్యూబు గురించి నాకు చెబుతున్నాడు! మా ఇంట్లో చిటికి చీరలు నేసేవాళ్లం. రంగు అంటకూడని చోట దారాలకు ట్యూబు పట్టీ చుట్టి బిగించాలి. రంగు ఎక్కాక కొస పట్టుకుని లాగితే పట్టీ మొత్తం ఒక్కసారే ఊడి రావాలి. పదమూడేళ్లకే రోజుకు వందల ముళ్లు వేసేదాన్ని. ఆ తర్వాత అమ్మ నన్ను ఆ పని ముట్టనీయలేదు. "సదువుకో పో" అని తరిమేది. మా వాడకట్టులో ఇంటర్ దాటిన మొదటి ఆడపిల్లను నేనే. అదంతా అమ్మ చలవ.

చీలమండలకు కట్టుకుని దిగాను. లోతు వైపు పోగానే ఊడిపోయింది. మళ్లీ కట్టాను, మళ్లీ అక్కడే ఊడింది.

"ముడి సక్కగ వెయ్యక్కా."

"పీటముడే వేసిన" అని అతని మీదికి లేచాను. పీటముడే వేశాను. నాకు బాగా గుర్తు.

మూడోసారి ఊడి, పట్టీ దొరకనే లేదు.

ఏప్రిల్ 20, గురువారం

వెళ్లలేదు. బదులు పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తాను. మోకాలు వాచింది. వాస్తే వాచింది. పరుగులో వెనక ఎవరూ ఉండరు. హరిత ఎప్పుడూ నన్ను అందుకోలేదు, "అక్కా ఆగే, అక్కా ఆగే" అంటూ సగం దారిలోనే కూలబడేది.

ఏప్రిల్ 23, ఆదివారం

ఊరికి వెళ్లాను. అమ్మ నాకోసం అంబలి పోసింది, మామిడికాయ పచ్చడి వేసింది. గంటన్నర కూర్చున్నాను. బిక్షమ్మకు బాగాలేదని చెప్పాను.

"ఆఁ, ముసల్దాయె" అంది అమ్మ.

అంతకుమించి మాట పొడిగించలేదు. ఇంట్లో పక్కింటామె ఉంది. ఎండ ఎక్కువగా ఉంది. బస్సు టైమైంది. పోటీ కాగానే తీరిగ్గా వచ్చి మాట్లాడతాను. ఐదు వారాల్లో ఏం మునిగిపోతుంది?

ఈ చివరి మాట కొట్టేద్దామనుకుని ఉంచాను.

ఏప్రిల్ 27, గురువారం

ఇరవై ల్యాపులు. ఐదు వందల మీటర్లు పూర్తి. పరమేష్ చప్పట్లు కొట్టాడు. సంతోషపడాల్సిన రోజు.

బయటికి వచ్చి టోకెను ఇస్తే అండాలు చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. ఎడమ చెప్పు పట్టీకి నా పోయిన ట్యూబు ముక్క చుట్టి ఉంది. తిప్పి చూశాను. కొస లాగాను. ఒక్క లాగుడుకే ఊడి వచ్చింది.

"ఇది ఎవలు కట్టిండ్రు?"

"ఎవలేంది? నీ ఎంబడి వచ్చిన పోరే. గీన్నే కూసోని ఆడుకుంట కట్టింది."

"నా ఎంబడి ఎవ్వలు రాలే. నాకు పిల్లలు లేరు."

అండాలు నా మొహం చూసింది, నా వెనక చూసింది. "మరి రెండు జడల పోరి ఎవలమ్మా?" అంది. ఎంతకీ చూపు తిప్పుకోలేదు.

ఆమెకు కంట్లో పొర ఉంది. సర్కారు దవాఖానలో చూపించుకోమని చెప్పి స్కూటీ ఎక్కాను. తాళంచెవి రెండుసార్లు కిందపడింది.

హరితకు రెండు జడలే వేసేది అమ్మ. అది ఈ జిల్లాలో పదేళ్ల ప్రతి పిల్లకూ వేస్తారు.

మే 2, మంగళవారం

బిక్షమ్మ మళ్లీ వచ్చింది. రక్తం ఐదున్నర. ఆటోలోంచి ఇద్దరు దింపారు.

"అడిగినవా బిడ్డా?"

"అడిగిన పెద్దమ్మా. అమ్మ ఆలోచిస్తనన్నది."

నా మొహాన ఉమ్మేసినా పోయేది. ఆమె నా చేయి పట్టుకుని, "నీ పిల్లజెల్లలు సల్లగుండ" అంది.

మే 4, గురువారం

మొదటి ల్యాపు నుంచే తట్టడం. చిన్న చెయ్యి. ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. తన్నాను. ఎంత తన్నినా మళ్లీ మెత్తగా వచ్చి అరికాలు తడుతుంది. పూల్ నీళ్లకు మందు వాసన రావాలి. పాచి వాసన వచ్చింది.

"అక్కా, మల్ల తంతున్నవ్!" అని పరమేష్ అరిచాడు.

మే 9, మంగళవారం

ఇరవై రెండేళ్లు.

డబ్బా శ్రీశైలం కట్టాడు.

శ్రీశైలం నీళ్లలో ఉన్నాడు. నీళ్లలో ఉన్నవాడు ఒడ్డున ఉన్న పిల్లకు ఎట్లా కడతాడు? ఇరవై రెండేళ్లలో ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. అతను నీళ్లలోంచి, "మల్లికా, చెల్లెకు డబ్బ కట్టి దింపు, ముడి గట్టిగెయ్యి" అన్నాడు. ట్యూబు పట్టీతో నేను కట్టాను. పొద్దున్నుంచీ అమ్మ పక్కన కూర్చుని చిటికి కట్టి కట్టి వచ్చాను. చేతికి ఆ ముడే వచ్చింది. నాకు దూకాలని తొందర. కొస లాగితే ఊడే ముడి, కొస నీళ్లలో వేలాడుతూ ఉంది.

హరితను ఒడ్డుకు తీశాక ఎవరో అడిగారు, డబ్బా ఎవరు కట్టారని. నా నోట్లోంచి శ్రీశైలం పేరు వచ్చింది. అతను కాదు కాదన్నాడు. పదమూడేళ్ల ఆడపిల్ల అబద్ధం ఎందుకు ఆడుతుందన్నారు.

మే 14, ఆదివారం

ఊరికి వెళ్లాను. అమ్మ వసారాలో కూర్చుని చిటికి కడుతోంది. పక్కింటామె లేదు. కూర్చోగానే అలవాటుగా ఒక ట్యూబు పట్టీ చేతిలోకి తీసుకున్నాను. అమ్మ చటుక్కున లాక్కుంది. "నీకెందుకే ఈ పని" అంది.

"బిక్షమ్మ ఇంక పది పదిహేను దినాలె అమ్మా. శ్రీశైలాన్ని రమ్మని చెప్పు."

"ఆ పేరెత్తకు."

"డబ్బ కట్టింది నేను."

అమ్మ చేతులు ఆగలేదు. ఒక ముడి వేసింది. ఇంకోటి వేసింది. "మెల్లగ మాట్లాడు, వాడకట్టు ఇంటది" అంది.



"నీకు తెలుసా?"

"డబ్బ నీళ్ల మీద తేలుతుండె. పట్టీ దానికే ఏలాడుతుండె, సగం ముడి అట్లనే ఉండె. ఎవుసం జేసెటోళ్ల పిల్లగానికి ఆ ముడి ఏడొస్తది మల్లికా? గా దినం బాయికాడ ఉన్నోళ్లల్ల అది వచ్చింది నీకొక్కదానికే. జనం దగ్గరికి రాకముందు నేనే ఇప్పేసి పారేసిన."

"మరి ఒట్టెందుకు వెట్టుకున్నవమ్మా? వాణ్ని ఎందుకు ఎల్లగొట్టినవ్?"

"వాడు ఊర్లె ఉంటె ఒకరోజు గాకపోతె ఒకరోజు వాని మాట ఇంటుండె ఊరు." ఇప్పుడు ఆగాయి అమ్మ చేతులు. "ఒక బిడ్డ పాయె. ఇంకో బిడ్డను చెల్లెను సంపిన దాన్ని జెయ్యాల్నా? వాడు మొగపిల్లగాడు, ఏడనన్న బతుకుతడనుకున్న."

"బిక్షమ్మ?"

"నేను బతికుండంగ చెప్పకు. నీ కాళ్లు మొక్కుత."

సదువుకో పో అని ఎందుకు తరిమిందో ఇప్పుడు తెలిసింది. ఆ చేతులతో నేను ముడి వేస్తుంటే అమ్మ చూడలేకపోయేది. అంతే. చదువు మీద ప్రేమ అనుకుని ఇన్నేళ్లు మురిసిపోయాను. అమ్మ మీద కోపం వచ్చింది, ఎంత కోపమంటే చెప్పులు వేసుకోకుండానే బస్టాండు దాకా నడిచాను. నా పాపం దాచడానికి ఇంకో తల్లి కొడుకును ఎత్తుకుపోయింది. దాచమని నేను చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు.

మే 15, సోమవారం

ల్యాబులో బిక్షమ్మ చీటీ మీద, రిపోర్టు పంపాల్సిన నంబరు అతనిదే ఉంది. నెలరోజులుగా నా ముందే ఉంది. మధ్యాహ్నం చేశాను. వెనక బోరు మోటారు మోగుతోంది.

"ఎవలు?"

"మల్లికను. సుగుణమ్మ బిడ్డను."

మోటారు ఆగింది.

"నేనే కట్టిన శ్రీశైలమన్నా. నీ పేరు వెట్టిన. అమ్మకు చెప్పిన. ఊర్లె గూడ చెప్త, నువ్వు రా."

 

"అమ్మ ఎట్లున్నది?" అన్నాడు.

బుద్ధిలేనిదాన్ని, కిడ్నీ నంబర్లు చదివాను.

"గా నంబర్లు నాకు తెల్వయ్. నన్ను గుర్తువడ్తదా?"

"వడ్తది. జల్ది రా."

"నిన్ను ఏమనాల్నో నాకు తెలుస్తలేదు మల్లికా" అన్నాడు, తిట్టలేదు. తిడితే బాగుండేది.

మే 17, బుధవారం

బస్సు దిగినవాణ్ని నేను గుర్తుపట్టలేదు. నెత్తి నెరిసింది. ఇద్దరం ఊరి నడుమనుంచి నడిచాం. హోటల్ దగ్గర పదిమంది ఉన్నారు. అక్కడ ఆగి చెప్పాను. మొదటిసారి ఎవరికీ వినబడలేదు, మళ్లీ చెప్పాను. "చెల్లెకు డబ్బ కట్టింది నేను. ఈయన గాదు."  ఎవరో చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

మా ఇంటి ముందుకు రాగానే అమ్మ ఒట్టు గుర్తొచ్చింది. అమ్మ గడపలో నిలబడి ఉంది. శ్రీశైలాన్ని చూసింది, నన్ను చూసింది. తలుపు వేసుకుంది.

బిక్షమ్మ మంచంలోంచి చేయి చాపి కొడుకు మొహమంతా తడిమింది. "ఇంత గడ్డమేందిరా" అంది. నేను వాకిట్లోనే నిలబడ్డాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

రాత్రి అమ్మ దగ్గరే పడుకున్నాను. బావి వైపు పోతుందేమోనని కాపలా.  తెల్లవారుతుండగా అమ్మ నా మీద దుప్పటి కప్పింది.

మే 19, శుక్రవారం

ఇంకొకటి ఉంది. అమ్మకు చెప్పలేదు, శ్రీశైలానికి చెప్పలేదు, ఊరికి చెప్పలేదు.

ముడి ఊడాక హరిత నా వెనకే ఉంది. నా అరికాలు తట్టింది. ఇంట్లో పడుకున్నప్పుడు కూడా నన్ను లేపడానికి అట్లాగే తట్టేది. ఆటలాడుతోందనుకున్నాను. వెనక్కి తిరిగి చూడకుండా తన్నాను. రెండోసారి తట్టింది. గట్టిగా తన్నాను.

మూడోసారి తట్టలేదు.

మే 20, శనివారం

పొద్దున ఐదున్నర. చీలమండలకు ట్యూబు పట్టీ కట్టుకున్నాను. పీటముడి. నిజంగా పీటముడి, మూడుసార్లు లాగి చూశాను. అండాలు రెండు టోకెన్లు ఇచ్చింది. రెండూ తీసుకున్నాను.

కిందికి చూస్తూ ఈదాను. కాళ్లు తేలాయి. నా బతుకులో అంత నెమ్మదిగా ఎప్పుడూ ఈదలేదు. తొమ్మిదో ల్యాపులో, లోతు వైపు, చిన్న చెయ్యి అరికాలు తట్టింది. తన్నలేదు. గోడ దాకా వెళ్లాను, పట్టుకున్నాను, పక్కకు జరిగాను.

"దా హరితా, పో" అన్నాను.

నా పక్కనుంచి నీళ్లు కదిలాయి. చల్లగా, భుజానికి ఆనుకుని, పాచి వాసనతో. వరుస మధ్యలో సన్నని నురుగు గీత అవతలి గోడ వైపు వెళ్లింది. పడుతూ లేస్తూ, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్ల ఈదినట్టు వెళ్లింది. గోడ చేరేదాకా కళ్లార్పలేదు.

"ఎందుకాగినవక్కా?" అన్నాడు పరమేష్.

"దారిచ్చిన."

అతను వరుస వైపు చూశాడు. 

మే 23, మంగళవారం

బిక్షమ్మ పొద్దున పోయింది. కొడుకు చేతుల్లోనే పోయిందట. అమ్మ వెళ్లిందట, శవం కాళ్ల దగ్గర కూర్చుందట, శ్రీశైలం వెళ్లిపొమ్మనలేదట. ఫోనులో అమ్మే చెప్పింది.

మే 25, గురువారం

ఆదివారం పోటీ. ఇవాళ ఆఖరి ఈత.

గేటు దగ్గర చెప్పులు విడిచి చేయి చాపాను. అండాలు ఒక్క టోకెనే ఇచ్చింది. నేను చేయి వెనక్కి తీసుకోలేదు.

"ఒక్కటేనా?"

"ఒక్కదానివే గద వచ్చినవ్?" అంది.

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి, హరిత పోయిన రోజు ఏడవని ఏడుపంతా ఏడ్చాను.